బుట్ట మోసినవాళ్ల కొసరు

పిల్లల ముందు నిలబడి గంటసేపు పాఠం చెప్పగలిగిన నేను, పెద్దవాళ్ల ముందు రెండు మాటలు కూడబలుక్కోలేకపోయేదాన్ని. మణుగూరు దారిలో, అడవి అంచున ఉన్న బాలికల ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు తెలుగు టీచరుగా చేరిన మొదటి వారంలోనే ఈ సంగతి వంటక్క కనిపెట్టింది.

టీచర్లందరూ భోజనాల హాల్లో ఒకే బల్ల చుట్టూ కూర్చుని తినేవారు. ఆ బల్ల దగ్గర నాకు చోటెక్కడో అడగలేక, ఆకలి లేదని చెప్పి గదికి వెళ్లిపోయేదాన్ని. బిస్కెట్లు తింటూ పుస్తకం చదువుకునేదాన్ని. మూడో రోజు మధ్యాహ్నం, తలుపు తట్టకుండానే తోసుకుని వచ్చిందావిడ. చేతిలో కంచం, దాని మీద బోర్లించిన ఇంకో కంచం.

"ఏంది బిడ్డా, మా అన్నం నచ్చలేదా, మా మొకాలు నచ్చలేదా?"

"అట్లేం లేదక్కా. ఆకలి లేక..."

"ఆకలి లేనోళ్లు గిన్ని బిస్కెట్ పుడలు ఎట్ల చింపుతరు? పొద్దున ఊడ్చేది నేనే. తిను."

నేను తినేదాకా గడపలో కూర్చుని వక్కాకు నమిలింది. మర్నాడూ అంతే. వారం గడిచాక ఒకరోజు కంచం తేలేదు. హాల్లోకి వెళ్లి చూస్తే బల్ల దగ్గర ఒక కుర్చీ ముందు నా కంచం వడ్డించి ఉంది. నేను ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేకుండా నాకు చోటు చూపించింది. ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఒకే వాక్యం: "ఈ రోజు అందరితో కలిసి తిన్నాను."

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. భారీ మనిషి. వాగు అవతలి కోయగూడెం నుంచి రోజూ నడిచి వచ్చేది. పిల్లలతో వాళ్ల భాషలో, మాతో తెలుగులో మాట్లాడేది. వార్డెన్ మేడం దగ్గర్నుంచి మూడో తరగతి పిల్ల దాకా అందరికీ ఆవిడ వంటక్కే. రోజు కూలి మీద పని. కూరగాయలు తరగడానికీ పొయ్యికీ ఇద్దరు ఆడవాళ్లు ఉండేవారు కానీ బియ్యం చెరగడం, రాళ్లు ఏరడం, గాలించడం మాత్రం తనే చేసేది. "తినేటియి పసి నోళ్లు. ఇంకొకరి మీద పెట్ట" అనేది.

నేను చేరిన రెండో ఏడు, అలాంటి మనిషి వండిన అన్నంలో రాళ్లు రావడం మొదలైంది. ముందు ఒకటీ అరా వచ్చేవి. తర్వాత రోజుకు నలుగురైదుగురు పిల్లలు దవడ పట్టుకుని లేచేవారు. ఆగస్టు మొదట్లో ఏడో తరగతి పిల్లకు పన్ను చిట్లింది. ఆ సాయంత్రం రిజిస్టరులో సంతకం పెట్టడానికి వెళ్లిన నేను ఆఫీసు గది బయటే ఆగిపోయాను.

"నీ మీద నాకు కోపమేం లేదు వంటక్కా" అంటోంది వార్డెన్ మేడం. "కానీ పిల్లల తల్లిదండ్రులు నన్నడుగుతున్నరు. దసరా సెలవుల దాక చూస్త. బడి తెరిచినంక గూడ ఇట్లనే ఉంటే కొత్త మనిషిని పెట్టుకోవాల్సి వస్తది."

వంటక్క బయటికొచ్చి నన్ను చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "రాళ్లు ఉన్నయని తెలుసు బిడ్డా. కనబడ్తలేవు" అంది.

అప్పటికే ఒక ఆదివారం మణుగూరు వెళ్లి కళ్లద్దాల దుకాణంలో చూపించుకుందట. వక్కాకు సంచిలోంచి నాలుగు మడతల చీటీ తీసి నాకిచ్చింది. రెండు కళ్లకు రెండు వేరు నంబర్లు. అంతకుముందు అంగట్లో దొరికే రెడీమేడ్ అద్దాలు పెట్టుకుని చూస్తే తలనొప్పి వచ్చిందట, కారణం అదే. చేయించాలంటే నాలుగు వందల యాభై. ఆవిడ నెల కూలిలో ఇల్లు గడవగా అంత మిగలదు.

"నేనిస్తాను అక్కా" అన్నాను.

"నీ జీతం మీ అమ్మకు పంపేది. నా కండ్లకు ఆమె పైసలెందుకు?" అని చీటీ లాక్కుంది. రెండోసారి అడిగితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నాకు బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది ఆ వారంలోనే. అప్పట్లో సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు దాకా నడిచేవాళ్లం. బ్యాంకు వాళ్లు ఏదైనా చెప్పాలంటే ఉత్తరమే రాసేవారు. జీతం పడే ఖాతాకు ఏటీఎం కార్డు ఇచ్చారు కానీ డబ్బు తీయడానికి తప్ప అది దేనికీ పనికొస్తుందని నాకు తెలియదు. సెప్టెంబరు నెలాఖరులోగా ఆ కార్డుతో సూపర్ మార్కెట్లో ఐదు వేల రూపాయల సరుకులు కొంటే, అందులో పదోవంతు తిరిగి నా ఖాతాలో వేస్తామని ఉత్తరంలో ఉంది. నా ఒక్కదాని ఖర్చు ఐదు వేలకు ఎప్పటికి చేరాలి! ఉత్తరాన్ని పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాను.

అన్నం తింటుండగా ఆ కాగితం కింద పడితే వంటక్క తీసి ఇచ్చింది. "ఏం రాసిండ్రు?" అంది. చదివి చెప్పాను.

"అంటే బ్యాంకోళ్లు కొసరిస్తరన్నట్టు."

"అంతే అక్కా."

"అయితే అది మోసినోళ్లది."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. వాళ్ల గూడెం నుంచి చింతపండో ఇప్పపువ్వో తీసుకుని వారం అంగడికి వెళ్లి, అమ్మిన డబ్బుతో పప్పూ ఉప్పూ కొంటారు. తూకం అయ్యాక దుకాణదారు పైన వేసే గుప్పెడు కొసరు ఇంటిది కాదు. బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరిదాకా మోసినవాళ్లది. మొగుడైనా అత్తయినా అడగకూడదు. చిన్నప్పుడు ఆవిడ తన కొసరు బెల్లాన్ని పోగుచేసి, ఇచ్చి గాజులు తెచ్చుకుందట. "అది ఎవ్వళ్లిచ్చిన పైసా కాదు బిడ్డా. నా మెడ సంపాదించింది" అంది.

నాకు అప్పుడే దారి దొరికింది. టీచర్లందరి సరుకులూ నేను ఖమ్మంలో కార్డు మీద కొంటాను. బస్సు దిగే రోడ్డు నుంచి బడిదాకా రెండు కిలోమీటర్లు వంటక్క మోస్తుంది. ఇదంతా చెప్పి, "అప్పుడు కొసరు ఎవరిది?" అని అడిగాను.

వంటక్క నా మొహంలోకి చూసి, కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

మా ఇల్లు వైరా దగ్గర. రెండో శనివారం ఇంటికి వెళ్లి, ఆదివారం తిరిగొస్తూ ఖమ్మంలో దిగాను. వంటక్క అడిగిపెడితే ముగ్గురు టీచర్లు జాబితాలు, డబ్బులు ఇచ్చారు. సూపర్ మార్కెట్‌కు అద్దాల తలుపు, లోపల ఏసీ చల్లదనం, అరల నిండా ఒకే వరసలో నిలబడ్డ సబ్బులు. జాబితా ప్రకారం అన్నీ తీసుకుని వరుసలో నిలబడ్డాను. నా వెనక ఏడెనిమిది మంది. నా వంతు వచ్చింది.

"క్యాషా, కార్డా?" అంది కౌంటర్ అమ్మాయి, తల ఎత్తకుండా.

కార్డు పర్సు లోపలి అరలో ఉంది. దాన్ని ఎలా ఇవ్వాలో, ఏం చేయాలో తెలియదు. తప్పు చేస్తే వెనకున్న వాళ్లందరూ చూస్తారు. ఎవరో "జల్దీ కానీయండమ్మా" అన్నారు. నా నోట్లోంచి "క్యాష్" అన్న మాట వచ్చేసింది. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేసి బయటపడ్డాను. రెండు వేల సరుకు కొంటే, కార్డు మీద ఒక్క రూపాయీ లేదు.

రోడ్డు దగ్గర వంటక్క బస్సు కోసం ఎదురుచూస్తోంది. రెండు సంచులూ వెదురుబుట్టలో సర్ది నెత్తికెత్తుకుంది. "కొసరు రాసుకున్నరా?" అంది.

తలూపాను. ఆవిడ ముందు నడుస్తుంటే, నెత్తి మీద బుట్ట కొంచెం కూడా కదలకుండా ఉంటే, వెనక నడుస్తూ నేను నా జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. డైరీలో ఆ రోజు పేజీ ఖాళీ.

మూడు వారాలు ఆ అబద్ధాన్ని మోశాను. సెప్టెంబరు వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆవిడ చేటను ఎండలోకి జరుపుకుని, బియ్యానికి మొహం ఆనించినంత దగ్గరగా వంగి ఏరుతోంది. నేను పక్కన కూర్చున్నాను. చెప్పేశాను.

ఆవిడ చేట కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వింది.

"గిదేంది బిడ్డా! కార్డు పట్టుకపోయి, కార్డుకు సిగ్గై తిరిగొచ్చినవా?"

"నాకు సిగ్గయింది అక్కా. కార్డుకు కాదు."

"ఈసారి నేనొస్త" అంది. "నీ సిగ్గు నాకియ్యి, నేను పట్టుకుంట. నువ్వు కార్డు పట్టుకో."

అయితే ఇప్పుడు ఒక్క ప్రయాణంలోనే ఐదు వేలు కావాలి. అంటే నేను టీచర్లందరి గదులకూ వెళ్లి అడగాలి. మొదట లెక్కల మేడం తలుపు తట్టాను. విషయమంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని నా భయం.

"ఓయమ్మో, నోరుందా నీకు చెల్లె?" అంది ఆమె. "సంతకం పెట్టే చెయ్యొక్కటే ఉందనుకున్న. కొసరు వంటక్కకేనా? అయితే నూనె డబ్బా రాసుకో. రెండు రాసుకో. పండక్కి ఎట్లాగూ కొనాలె." తనే మిగతా గదులకు నాతో వచ్చింది. చివరి గది దగ్గరకొచ్చేసరికి నన్నే ముందుకు తోసి, "చెప్పు, ఇప్పుడు నీకు కంఠతా వచ్చింది గద" అంది.

నెలాఖరు ఆదివారం మేమిద్దరం ఖమ్మం వెళ్లాం. సూపర్ మార్కెట్ గుమ్మంలో కాపలా మనిషి వంటక్క బుట్టను ఆపి, దానికి బదులు ఒక ప్లాస్టిక్ బిళ్ల చేతిలో పెట్టాడు. ఆవిడ బిళ్లను అటూ ఇటూ తిప్పింది. "నా బుట్ట పోతే ఈ బిళ్లల మోసుకపోవాల్నా?" అంది. అతనికి నవ్వాగలేదు. "ఎక్కడికీ పోదవ్వా" అని బుట్టను తన కుర్చీ కిందే పెట్టుకున్నాడు.

లోపల ఆవిడ ప్రతి కందిపప్పు ప్యాకెట్‌నూ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. రాయి ఉంటే చప్పుడు వేరుగా ఉంటుందట. ఆరు ప్యాకెట్లు ఊపి, రెండు పక్కన పెట్టేసి, నాలుగు తీసుకుంది. చూస్తున్న ఒకావిడ మెల్లగా వచ్చి తన ప్యాకెట్ కూడా ఇచ్చి, "దీన్ని కూడా చూడండమ్మా" అంది. వంటక్క ఊపి, "మంచిదే, తీస్కపో" అని తీర్పు ఇచ్చింది. ఇంతలో ఇంకొకరు వచ్చారు. నన్ను ఎవరూ చూడటం లేదు. ఆ మాట తోచగానే నా భుజాలు తేలికయ్యాయి.

కౌంటర్ దగ్గర అదే అమ్మాయి. బిల్లు కొడుతూ పోయింది. చివరికి నాలుగు వేల తొమ్మిది వందల నలభై దగ్గర ఆగింది. ఇంకా అరవై రూపాయలు తక్కువ. నేను కంగారుగా చుట్టూ చూస్తున్నాను. వంటక్క పక్క అరలోంచి అట్ట వేసిన లావుపాటి నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టింది. అరవై ఐదు.

"ఇది నాది" అని కొంగు ముడి విప్పి చిల్లర తీసింది. "నువ్వు రాస్తవు గద. ఆ పాత పుస్తకం అయిపోవచ్చింది, చూసిన."

నేను వద్దనేలోపే ఆ డబ్బు నా పర్సులో కుక్కి, కౌంటర్ అమ్మాయి వైపు తిరిగింది.

"గిన్ని కొన్నం. కొసరేది తల్లీ?"

అమ్మాయి మొదటిసారి తలెత్తింది. "కొసరేంటవ్వా? ఇక్కడ కొసరుండదు."

వెనక ఎవరో నవ్వారు. "అవ్వా, ఇది అంగడి కాదు, సూపర్ మార్కెట్."

"దుకాణం గింత పెద్దగుంది, చెయ్యి గింత చిన్నగుందేంది?" అంది వంటక్క. ఇప్పుడు వరుసంతా నవ్వింది. ఆవిడను చూసి నవ్వుతున్నారు. ఆవిడకు అది పట్టనే లేదు. నాకు పట్టింది. నా సిగ్గు తను పట్టుకుంటానంది కదా, ఇదిగో పట్టుకుని నిలబడింది. నా చెవులు కాలిపోతున్నాయి. అయినా పర్సు లోపలి అరలోకి చేయి వెళ్లింది.

"కొసరుంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కార్డు మీద ఉంది. కార్డు తీసుకోండి."

అమ్మాయి కార్డు గీకింది. మిషన్ చాలాసేపు ఆలోచించింది. తర్వాత కార్డు వెనక్కి తిప్పి, "ఇక్కడ సంతకం లేదు మేడం" అంది. కార్డు వచ్చి ఏడాది దాటినా, వెనక తెల్లపట్టీ మీద సంతకం చేయాలని నాకు తెలియదు. మొదటిసారి ఇచ్చి ఉన్నా అక్కడ ఆగిపోయేదాన్నే. అమ్మాయి తన పెన్ను ఇచ్చింది. పట్టీ మీద చేశాను, స్లిప్పు మీద చేశాను. రెండూ వణికాయి కాబట్టి రెండూ ఒకేలా ఉన్నాయి. ఆమె సరిపోల్చి చూసి, చిన్నగా నవ్వి, "అయిపోయింది మేడం. కొసరు ఖాతాలో పడుతుందని అవ్వకు చెప్పండి" అంది.

బస్‌స్టాండు దాకా బుట్ట ఆవిడ నెత్తిన, రెండు చెవులున్న పెద్ద సంచి మా ఇద్దరి మధ్య.

తర్వాత మిగిలింది ఎదురుచూడటం. దసరా సెలవుల్లో ఇంట్లో ఉండగా రోజు విడిచి రోజు వైరా ఏటీఎంకు వెళ్లి చీటీ తీసుకునేదాన్ని. పడలేదు. బడి తెరిచే రోజు దగ్గర పడుతోంది. సెలవులు ఇక రెండు రోజులున్నాయనగా చీటీలో ఐదు వందల రూపాయలు కనిపించాయి. ఐదు వందల పైన ఇంకో యాభై పైసలు కూడా ఉన్నాయి. ఆ యాభై పైసలు చూసి నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

మర్నాడే మణుగూరు వెళ్లి, వంటక్కకు కబురు పెట్టి, దుకాణం దగ్గర కలిశాను. డబ్బు చేతిలో పెడితే ఆవిడ సగం తీసి నాకివ్వబోయింది.

"సంచి ఒక చెవి నువ్వు పట్టినవు."

"నా సగానికి నోట్‌బుక్ వచ్చింది కదా అక్కా."

ఆవిడ కాసేపు లెక్క చూసుకుంది. లెక్క సరిపోయినట్టుంది, డబ్బు కొంగులో ముడేసుకుంది. కానీ అద్దాలు తయారవడానికి నాలుగు రోజులు పడుతుందన్నాడు దుకాణదారు. బడి తెరిచేది ఆ మర్నాడే.

ఆ నాలుగు రోజుల సంగతి లెక్కల మేడం అందరికీ చెప్పుకుని నవ్వేది. తెల్లారి లేచి నేను చేట ముందు కూర్చునేదాన్ని. బియ్యం చెరిగేది వంటక్క, రాళ్లు ఏరేది నేను. "తెలుగు మేడం కండ్లు కిరాయికి తీసుకున్నం" అనేది వంటక్క, కూరగాయలు తరిగే వాళ్లతో. నాకు గంటలో మెడ పట్టేసింది. ఈ పని ఆవిడ ఇన్నేళ్లు, చూపు మసకబారాక కూడా, ఒక్కతే చేసింది. వార్డెన్ మేడం రెండో రోజు వంటింటి గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసింది. అలాగే వెనక్కి వెళ్లిపోయింది. కొత్త మనిషి సంగతి ఆ వారం ఎత్తలేదు.

అద్దాలు వచ్చిన మర్నాడు వంటక్క నన్ను చేట దగ్గరికి రానివ్వలేదు. ఒక్కతే కూర్చుంది. పిల్లలు తిన్నారు. ఎవరూ దవడ పట్టుకోలేదు. భోజనాలయ్యాక ఆవిడ ఒక స్టీలు గ్లాసు పట్టుకుని ఆఫీసు గదికి వెళ్లింది. మేమందరం వెనకే వెళ్లాం. గ్లాసును బల్ల మీద బోర్లించింది. రాళ్లు, మట్టిగడ్డలు గలగలమని పడ్డాయి.

"ఏందివి?" అంది వార్డెన్ మేడం.

"ఒక్కపూట బియ్యంలోయి మేడం. ఇగ చూడుండ్రి, తప్పు నా కండ్లది ఎంతుందో, బియ్యానిది ఎంతుందో."

వార్డెన్ మేడం ఒక రాయిని వేలితో దొర్లించి చూసింది. తర్వాత కాగితం తీసుకుని, బియ్యం పంపేవాళ్లకు ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే, "అద్దాలు బాగున్నయి వంటక్కా" అంది. "రేపట్నుంచి ఒకామెను నీకు తోడుగ ఇస్త. ఏరుడు గూడ నేర్పు." ఆ మాటతో ఆగస్టు నుంచి మోసిన భయం ముగిసింది. నేను ఆ బడి వదిలి వెళ్లేనాటికి కూడా ఆ వంటింట్లో పెద్దచేట ఆవిడదే.

ఆ సాయంత్రం నేను మెట్ల మీద కూర్చుని కొత్త నోట్‌బుక్‌లో మొదటి పేజీ రాస్తున్నాను. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. అద్దాలు సర్దుకుని పేజీ మీదికి వంగింది. చదువు రాదు, కానీ అక్షరాలను అంత స్పష్టంగా చూడటం ఆవిడకు చాలా ఏళ్ల తర్వాత అదే మొదలు.

"చీమల బారు లెక్కున్నయి" అంది. "ఇండ్ల నేనున్ననా?"

"ఉన్నావక్కా."

"యాడ?"

ఆవిడ వేలు పట్టుకుని "వంటక్క" అన్న మాట మీద పెట్టాను. పసుపు మరక అంటుకుంది. ఆ మరక ఇప్పటికీ ఉంది. ఆవిడ అద్దాల్లోంచి ఆ మాటను పరీక్షగా చూసింది.

"గింత చిన్నగ రాసినవేంది బిడ్డా? నేనేమన్న చిన్న మనిషినా?"

కొట్టేసి, రెండు వరుసల ఎత్తున మళ్లీ రాశాను.